తానే కృతికర్త, తానే కృతిభర్త: వాల్ట్ విట్మన్ రచనాభ్యాసములు

కృతి చెప్పినవాడు కృతికర్త. దానిని అంకితము గొన్నవాడు కృతిభర్త. ఈ రెండు స్థానములును ఇద్దరు వ్యక్తులవై యుండుట మన సాహిత్యమున చిరకాలపు మర్యాద. నన్నయకు రాజరాజనరేంద్రుడును, పెద్దనకు కృష్ణదేవరాయలును కృతిభర్తలైరి. నరాంకిత మొల్లనివారు తిక్కన వలె దేవునికి సమర్పించిరి. అచ్చుయంత్రము వచ్చిన పిదప పిఠాపురము, విజయనగరము మొదలగు సంస్థానములు ఆ భారమును కొంతకాలము మోసినవి. 1948 నాటి మద్రాసు శాసనముతో జమీందారీలు పోయినవి. వానితోడనే కృతిభర్తయు పోయెను. నేడు కవియే అచ్చుకూలి చెల్లించుచున్నాడు.

తెలుగునేల వెలుపల స్థిరపడిన మనకీ సంగతి మరింత దగ్గరిది. బళ్లారిలో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని, చెన్నపట్టణములో గాని తెలుగు సంఘమున్నచోట సొంత ఖర్చుతో శతకమో ఖండకావ్యమో అచ్చువేయించుకొన్న పెద్దమనిషి ఒకరుండక మానరు. సభలో ఆయన చేతినుండి ఆ పుస్తకమును గైకొని, 'అవశ్యము చదివెదము' అని చెప్పి, ఇంటికి వచ్చి బీరువాలో బెట్టుట మనందరి అలవాటు. తానే అచ్చువేయించుకొనెను గనుక ఇతరులు వలదన్న పుస్తకమై యుండునని లోలోపల ఒక తలంపు. ఈ తలంపు ఎంతవరకు న్యాయము? దీనిని విచారించుటకు మేము అమెరికా దేశపు కవి వాల్ట్ విట్మన్‌ను ఎన్నుకొన్నాము. కాగితము మొదలు దిద్దుబాటుల వరకు ఆయన పుస్తకము పుట్టిన తీరు సాక్ష్యములతో నిలిచియున్నది. అదిగాక ఆయన మావలె కచేరీ గుమాస్తా. ఈ పక్షపాతమును పాఠకులు మన్నింతురు గాక.

విట్మన్ 1819 మే 31వ తేదీన లాంగ్ ఐలండున ఒక వడ్రంగి ఇంట జన్మించెను. బడి చదువు పదునొకండవ యేటనే ముగిసెను. వకీళ్ల కచేరీలో కుర్రవానిగా కుదిరినప్పుడు ఆ యజమాని దయతలచి గ్రంథాలయమునకు చందా కట్టగా, అరేబియను కథలును, స్కాటు నవలలును ఆబగా చదివెను. పిదప అచ్చుకూటములో చేరి అక్షరములు పేర్చుట నేర్చెను. ఆ మీదట బడిపంతులు, పత్రికా సంపాదకుడు, ఇండ్లు కట్టి అమ్మువాడు. వీనిలో కవికి ఎక్కువ పనికివచ్చినది అచ్చుకూటపు చాకిరియే యని మాకు తోచుచున్నది. ఒక్కొక్క సీసపు అక్షరమును వ్రేళ్లతో తీసి, తలక్రిందుగా పేర్చి, పంక్తి బిగించువానికి మాట బరువు తెలియును.

1855 జూలై మొదట ఆయన పుస్తకము వెలువడెను. పేరు 'లీవ్స్ ఆఫ్ గ్రాస్', అనగా గడ్డి ఆకులు. ఆంగ్లమున ఆకును, పుటయు ఒకే మాట. మనకును పత్రమనిన ఆకే, కాగితమే గనుక ఈ శ్లేష తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. బ్రూక్లినులో రోమ్ సోదరుల చిన్న అచ్చుకూటమున 795 ప్రతులు వేయించెను. పుటలు 95; కవితలు పండ్రెండు; ఒక్క కవితకును ప్రత్యేకమైన పేరు లేదు. కొన్ని పుటలకు తన చేతనే అక్షరములు పేర్చితినని పిమ్మట చెప్పుకొనెను. పుస్తకము పెద్ద సైజున నుండుటకు, ఆ సోదరులు ముఖ్యముగా న్యాయస్థానపు ఫారములు అచ్చువేయువారగుటయే కారణమని పరిశోధకులు తలంచుచున్నారు. ముఖపత్రమున కవి పేరు లేదు. దానికి బదులు చొక్కా గుండీ విప్పి, నడుముపై చేయి వేసి, టోపీ తీయక నిలిచిన ఒక కూలివాని వంటి బొమ్మ! బిరుదులు, ఫొటో, అభిప్రాయములు, అభినందనలు ముందు వేసి, కవిత్వమును ఇరువదవ పుటనుండి మొదలుపెట్టు మన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. అది వెలువడిన కొలది దినములలోనే, జూలై 11న, తండ్రి మరణించెను. తమ్ముడు జార్జి పుస్తకమును అటునిటు త్రిప్పి చూచి, చదువదగినదిగా తోచక విడిచెనట. మన బీరువాలు ఒక్క మనయందే లేవు!

ఇక ప్రేరణల సంగతి. విట్మన్ ఊహకై గదిలో తలుపు మూసికొని కూర్చున్నవాడు కాడు. బ్రూక్లినుకు, న్యూయార్కుకు నడుమ నీటిపాయ దాటించు పడవలపై నావికులతో గంటలకొలది గడపెను. బ్రాడ్వే వీథిలో గుఱ్ఱపుబండి తోలువాని ప్రక్కన కూర్చుండి షేక్స్పియరు నాటకభాగములను ఆ రథఘోషలో బిగ్గరగా వల్లించెను. కోనీ ఐలండు తీరమున నిర్జన సముద్రమునకు హోమరును వినిపించెను. కావుననే ఆయన పంక్తులు కంటికి గాక ఊపిరికి కొలతలై యున్నవి. ఛందస్సు లేదు, ప్రాసయు అరుదు. ఒకే మాటతో మొదలైన పంక్తులు వరుసగా అలలవలె వచ్చును. ఆంగ్ల బైబిలు వచనపు నడక దీనికి మూలమని విమర్శకులందురు. మన సింహగిరి వచనముల నెరిగినవారికి ఇట్టి నడక కొత్త కాదు. గణములు లేకయు సంబోధనల ఆవృత్తితో వచనము గానమగుటను కృష్ణమాచార్యులు కాకతీయుల నాడే చూపెను. ఆయనకు భక్తి ఎట్టిదో విట్మన్‌కు నగరవీథియు, నరశరీరమును అట్టివి.

మరియొక ప్రేరణ ఇటలీ సంగీతనాటకము. మరియెట్టా ఆల్బొని యను గాయని న్యూయార్కునకు వచ్చి 1852-53లో పాడినన్నాళ్లు విట్మన్ ఆమె కచేరీలను విడువలేదు. ఆ సంగీతమే లేకున్న తన కావ్యము లేదని చెప్పుకొనెను. దీని ఫలము 1859లో వెలువడిన సముద్రతీరపు పక్షికవితలో స్పష్టము. జత పక్షి మాయమైపోగా మగపక్షి రాత్రివేళ పాడుట, ఒక బాలుడు వినుట దాని ఇతివృత్తము. బాలుని కథ నడచుచుండగా నడుమ పక్షి పాట వేరు అక్షరములలో లేచును. హరికథలో వచనము చెప్పుచు, ఘట్టము పండినచోట కీర్తన యెత్తుకొనుట వంటిదని యనిన మనవారికి సులువుగా తెలియును. ఆయన కవితలలో మాకు మిక్కిలి ప్రియమైనది ఇదియే.

ఇక్కడ ఒక మాట. విట్మన్ 'అహమ్' అను పదమును విశ్వమంతటికిని అన్వయించుట చూచి, ఆయన మన ఉపనిషత్తులనుండి గ్రహించెనని మన వక్తలు వేదికలపై సెలవిచ్చుచుందురు. సాక్ష్యము వేరుగా నున్నది. 1856లో థోరో ఆయనను కలిసి, ప్రాచ్యగ్రంథములు చదివితిరా యని అడుగగా, లేదు, వానిని గూర్చి నాకు చెప్పుడని బదులు చెప్పెను. పెద్దవాడైన పిమ్మట, తాను పూర్వము హిందూ కావ్యములను చదివితినని వ్రాసికొనెను. రెండు మాటలును ఆయనవే. ఎమర్సను వ్రాతల ద్వారా ఆ గాలి సోకియుండవచ్చును. మన పాలు ఇంతే యని ఒప్పుకొన్న మనకు కలుగు లోపమేమియు లేదు.

వ్రాయు పద్ధతి చూతము. కాగితములను మడిచి, సూదితోనో దారముతోనో కూర్చి, జేబులో పట్టు చిన్న పుస్తకములు చేసికొనుట ఆయన అలవాటు. చూచినది చూచినట్లు తునకలుగా వ్రాసికొని, నెలలకో ఏండ్లకో వానిని చేర్చి కవిత చేయును. 1862 డిసెంబరులో అంతర్యుద్ధమున తమ్ముడు జార్జి గాయపడెనని విని యుద్ధశిబిరమునకు పోయెను. గాయము స్వల్పమే, కాని అక్కడ చూచినది ఆయనను మరల ఇంటికి పోనీయలేదు. వాషింగ్టను ఆసుపత్రులలో మంచము మంచమునకు తిరిగి పండ్లు, పొగాకు, చిల్లర డబ్బులు పంచుచు, క్షతగాత్రుల తరఫున వారి తల్లులకు జాబులు వ్రాసెను. అట్టి చిన్న పుస్తకములు నలుబది నిండినవి. కొన్నింటిపై నెత్తుటి మరకలున్నవని ఆయనయే చెప్పెను. ఆ యుద్ధకవితలను 1865లో మరల సొంత ఖర్చుతోనే అచ్చున కిచ్చెను. అంతలో ఏప్రిలులో లింకను హతుడాయెను. అప్పుడు లైలాక్ పూలు పూచియుండెను. పిదప ఆ వాసన సోకినప్పుడెల్ల ఆ దుర్దినము జ్ఞప్తికి వచ్చెడిదట. పుస్తకము బయటికి పోకుండ ఆపి, ఆ పూలగుత్తితో ఆరంభమగు శోకగీతమును అనుబంధముగా చేర్చెను. అచ్చుఖర్చు తనదగుటచేతనే ఇట్లు ఆపగలిగెను. పరుల సొమ్మయినచో గడువు దాటనిత్తురా?

1865 జనవరిలో ఆయనకు ఇండియన్ల వ్యవహారముల కార్యాలయమున గుమాస్తా ఉద్యోగము దొరకెను. జూను 30న ఆ శాఖామంత్రి హార్లన్ తొలగించెను. బల్ల సొరుగులో నున్న 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' ప్రతిని ఆ మంత్రి చూచి, ఇది నీతిబాహ్యమని తలచుటయే కారణమని ప్రతీతి. ఆ ప్రతి 1860 నాటి కూర్పు. నీలిరంగు కాగితపు అట్టలుండుటచే దానిని నీలి పుస్తకమందురు. తన అచ్చుపుస్తకము పైననే విట్మన్ సిరాతోను, పెన్సిలుతోను కొట్టివేతలు, చేర్పులు, అంటించిన చీటీలు నింపియుండెను. అది నేడు న్యూయార్కు ప్రజా గ్రంథాలయమున నున్నది. అచ్చయిన పుస్తకమును ముసాయిదాగా చూచుట: ఆయన అభ్యాసములన్నిటికిని మూలము ఇదియే. మరునాడే అటార్నీ జనరలు కచేరీలో మరియొక గుమాస్తాగిరి లభించెను. అక్కడ ఆయన స్వహస్తమున నకలు వ్రాసిన కాగితములు సుమారు 3,000 జాతీయ దస్తావేజుల భాండారమున గుర్తింపబడినట్లు 2011లో ప్రకటితమైనది. పగలు పరుల వాక్యములు నకలు వ్రాసిన చేయి రాత్రి తన పంక్తులు దిద్దుట ఎట్టి శ్రమయో ఫైళ్లతో జీవితము గడపినవారికి చెప్పనక్కరలేదు.

ఆయన చేసినవన్నియు మెచ్చదగినవి కావు. 1855లో తన పుస్తకమునకు తానే పేరు లేకుండ మూడు సమీక్షలు వ్రాసి పత్రికలలో వేయించుకొనెను. ఎమర్సను మెచ్చుకొనుచు వ్రాసిన సొంత జాబును ఆయన యనుమతి లేకయే పత్రికకెక్కించి, 1856 నాటి రెండవ కూర్పు వెన్నుపై అందలి ఒక వాక్యమును బంగారు అక్షరములతో అచ్చొత్తించెను. కృతిభర్త లేనివాడు కైవారము కూడ తానే చదువుకొనవలసి వచ్చెనని నవ్వి ఊరకుండువారు కలరు. మాకు మాత్రమిది సమ్మతము కాదు. పెద్దమనిషి జాబు పెద్దమనిషి సొత్తు. కవిత్వములోను కొన్నిచోట్ల పేర్ల పట్టికలు దుకాణపు సరకుల చిట్టావలె సాగి విసుగు పుట్టించును. దండకమునకైన ఒక దేవుడుండును. ఆ పట్టికలకు కొన్నింటికి లంగరు లేదు.

అయినను ఆయన ఆ ఒక్క పుస్తకమును ముప్పదియారేండ్లు విడువలేదు. పండ్రెండు కవితలు 1856లో ముప్పదిరెండాయెను. 1891-92 నాటి తుది కూర్పు నాటికి నాలుగువందలకు చేరువాయెను. నడుమ బోస్టనులో ఒక ప్రకాశకుడు దివాలా తీసెను. మరియొకడు 1882లో ప్రాసిక్యూటరు బెదరింపునకు లొంగి పుస్తకము విడిచిపెట్టెను. ఆ అల్లరివలననే పుస్తకము అమ్ముడుపోయి, ఆ రాబడితో 1884లో క్యామ్డెను పట్టణమున 1,750 డాలర్లకు చిన్న ఇల్లు కొనగలిగెను. పక్షవాతముతో కుర్చీకి పరిమితుడైన దినములలో గది నేలంతయు కాగితములు పరచియుండగా, చేతికఱ్ఱతో కదిపి కావలసిన దానిని వెదకెడివాడని చూచినవారు వ్రాసిరి. 1892 మార్చి 26న మరణించెను.

ఇన్ని దిద్దుబాటులలో కొంత నష్టమును జరిగెను. 1855 ప్రతిలో పంక్తుల నడుమ విరామములకై వరుస చుక్కలుంచెను. అవి చదువరికి ఊపిరి తీయు తావులు. తరువాతి కూర్పులలో వానికి బదులు కామాలు వచ్చినవి. పేరులేని కవితలకు పేర్లును, అంకెలును వచ్చినవి. మొరటు మాటలు కొన్ని నునుపెక్కినవి. మాల్కమ్ కౌలీ 1959లో ఆ మొదటి ప్రతిని యథాతథముగా ప్రకటించి, అదియే మేలని వాదించెను. పెద్ద కవితకు సంబంధించినంతవరకు మేమును ఆ పక్షమే. కాని పక్షికవితయు, లింకను శోకగీతమును ఆ ప్రతిలో లేవు. కాబట్టి తెనుగు చేయదలచిన వారు మొదటి ప్రతిని, తుది ప్రతిని రెండింటిని బల్లపై నుంచుకొని ఆరంభించవలెను.