మన రాతల్లో చుట్టపు చూపు

ఉగాది తర్వాత ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక వ్యాసం ఇచ్చాం. పేరు 'పండుగకు మా ఊరు'. ముప్పై దాకా నోటుబుక్కులు వచ్చాయి. నాలుగోది దిద్దేసరికే అన్నిటిలో ఉన్నది ఒకటే ఊరని తెలిసిపోయింది. బస్సు దిగగానే చల్లగాలి. చుట్టూ పచ్చని పొలాలు. గలగల పారే వాగు. నానమ్మ చెప్పే కథలు. చివరికి బరువెక్కిన గుండెతో తిరుగు ప్రయాణం. అందులో ఒక పుస్తకం నల్లమల లోపలి పెంట నుంచి వచ్చిన చెంచు పిల్లవాడిది. వాళ్ల పెంటలో అట్లాంటి పొలాలు లేవు. ఆ నెలలో వాగు ఎండి ఉంటుంది, చెలిమ తోడుకుంటేనే నీళ్లు. పిలిచి అడిగాం. "గైడ్ల అట్లనే ఉంది సార్" అన్నాడు.

"సరే, నువ్వు పోయిన సంగతి చెప్పు" అన్నాం. చెప్పాడు. మన్ననూరు దాటినాక రోడ్డు మీద దిగి నడిచిపోతే ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పపువ్వు రాలే కాలం. అమ్మానాన్న మేనత్త వాళ్ల పెంటకు పోయారని పక్క గుడిసె తాత చెప్పాడు. ఆ రాత్రి తాత దగ్గరే పండుకొని తెల్లారి అక్కడికి నడిచాడు. మేనత్త మొదట గుర్తుపట్టలేదు. పట్టినాక ఏడ్చింది, ఆ తర్వాత ఇన్నాళ్లు రానందుకు తిట్టింది. మేనత్త కొడుకే వాడి అక్కను చేసుకున్నాడు. మర్నాడు బావ తేనెకు బండ మీది నుంచి తాడు వేసుకొని దిగుతున్నాడు. పైన తాడు దగ్గర బావమరిది ఉండాలన్నది మన వాళ్ల పద్ధతి. అక్క బతుకు చెడాలని ఏ తమ్ముడూ కోరడు కదా. "తాడు నేనే పట్టాలె సార్. నా చెయ్యి చూసి, మెత్తగైనయ్, ఈసారికి వద్దులే అన్నడు బావ. మా చిన్నాయిన కొడుకు పట్టిండు."

"మరి ఇది రాయలేదేందిరా?" అని అడిగాం.

"ఇది రాస్తే మార్కులేస్తరా సార్?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

తెలుగులో ఇంటికి పోవడం గురించిన రాతలు లెక్కలేనన్ని ఉన్నాయి. కథలు, కవితలు, పాటలు, సినిమాలు, బడి వ్యాసాలు. వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట నిలబడి చూస్తాయి. పట్నం నుంచి ఒకడు వస్తాడు. ఊరిని చూస్తాడు. చెట్టు లేదు, బావి లేదు, పాత దోస్తు ముసలివాడయ్యాడు అని బాధపడతాడు. పోతాడు. చూసేది వాడు, బాధ వాడిది, మాటా వాడిదే. ఊళ్లో ఉన్నవాళ్లు ఆ రాతలో ఫొటోలో నిలబడ్డట్టు నిలబడతారు. తెలుగులో దీనికి మంచి మాటే ఉంది, చుట్టపు చూపు. వచ్చి, చూసి, పోవడం. మేము చెప్పదలుచుకున్నది ఇదే: మన పిల్లలు, మన యువ రచయితలు ఈ చుట్టపు చూపును తమ చూపు అనుకొని రాస్తున్నారు. అది మనది కాదు.

ఎందుకు కాదో చూద్దాం. చెంచులకు చుట్టాల దగ్గరికి పోవడం పండుగ పని కాదు, బతికే పద్ధతి. ఒక కుటుంబం మొగుని వాళ్ల పెంటలో ఉండవచ్చు, పెళ్లాం వాళ్ల పెంటలోనూ ఉండవచ్చు. ఇప్పపువ్వు ఎక్కడ బాగా రాలితే అక్కడ, గడ్డలు, తేనె, జిగురు ఎక్కడ దొరికితే అక్కడ, అక్కడ చుట్టం ఉంటే చాలు, కొన్ని నెలలు కలిసి ఉండేవాళ్లు. నిమ్మల, చిగుర్ల, కాట్రాజు, మండ్లి, దాసరి, ఏ ఇంటిపేరు వాళ్లకైనా నాలుగు పెంటల్లో పొయ్యి దొరికేది. 'ఎన్ని రోజులుంటవ్?' అనే ప్రశ్నకు ఆ బతుకులో పెద్దగా పని లేదు.

ఆ ప్రశ్న తర్వాత వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల అభయారణ్యం అయింది. రాష్ట్రం విడిపోయాక ఇటువైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి తెల్లారి 6 దాకా గేటు వేస్తారు. పిల్లలు హాస్టళ్లకు వచ్చారు, మాలాంటి వాళ్లు ఉద్యోగాలకు వచ్చారు. వీటిలో కొన్ని మన మేలు కోసం జరిగాయి, కొన్ని మనల్ని అడగకుండా జరిగాయి. అన్నీ కలిసి చేసిన పని ఒకటి ఉంది. కలిసి ఉండడం కాస్తా వచ్చి పోవడం అయింది. ఇంటికి పోయినప్పుడు కలిగే బాధ గురించి రాసేవాడు ఈ కారణం తెలిసి రాయాలి. కారణం వదిలేసి బాధ ఒక్కటే రాస్తే అది గైడులోని 'బరువెక్కిన గుండె' అవుతుంది.

మన గురించి బయటివాళ్లు రాసిన వాటిలో ఈ సంగతిని బాగా పట్టుకున్నది హైమెన్‌డార్ఫ్. ఆయన 1940 ప్రాంతంలో భార్యతో కలిసి అమ్రాబాద్ అడవిలో చెంచుల మధ్య ఉండి చూసి, 1943లో చెంచుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. కుటుంబాలు చుట్టరికం పట్టుకొని ఒక పెంట నుంచి మరో పెంటకు స్వేచ్ఛగా మారడాన్ని ఆయన గమనించి రాశారు. మన వాళ్లను తిరుగుబోతులుగా చూడకుండా, ఆ తిరగడంలో ఒక కట్టుబాటు ఉందని చూపించిన పని అది. దానికి మనం రుణపడి ఉన్నాం. దశాబ్దాల తర్వాత ఆయన మళ్లీ వచ్చి, తాను ముందు చూసిన తెగలు ఏమయ్యాయో పరిశీలించి 1982లో ఇంకో పుస్తకం వేశారు. అదీ ఒక విధంగా తిరిగి రావడం గురించిన పుస్తకమే. ఊరికే నిట్టూర్చకుండా భూమి, చట్టం, వ్యాపారం తెగల బతుకును ఎట్లా మార్చాయో అందులో పట్టించుకున్నారు. మన కవులు నేర్చుకోవలసిన విషయం అది.

కానీ ఆ రెండింటిలోనూ కలం ఆయన చేతిలోనే ఉంది. పాత మనిషి మళ్లీ వచ్చాడని పెంటలో పొయ్యి చుట్టూ ఏమనుకున్నారు? 'అప్పుడు మా ఫొటోలు దించుకుపోయినవు, ఇన్నేండ్లు ఏడ ఉన్నవు?' అని ఏ అవ్వయినా అడిగిందా? అది రాయవలసింది ఆయన కాదు, మనం. ఎనభై ఏళ్ల కింద పెంటలో చదువుకున్నవాళ్లు లేరని సాకు చెప్పవచ్చు. ఇప్పుడు ఆ సాకు చెల్లదు.

అడవి దిగి మైదానానికి వస్తే ఇంకో రకం రావడం పోవడం ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి గానీ అంతకుముందు అంతా పాలమూరే. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని దేశంలో ఎక్కడ డ్యాము కడితే అక్కడికి పోయిన పాలమూరు లేబరు ఊళ్లివి. పీర్ల పండుగకో దసరాకో వచ్చేవాళ్లు. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి పోయేవాళ్లు. వచ్చిన తండ్రిని చూసి పిల్ల అవ్వ కొంగు చాటుకు పోవడం ఈ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. అలంపూర్, కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున మునిగిన ఊళ్ల వాళ్లకైతే పోదామంటే ఊరే లేదు. తలా ఒక చోట పడ్డవాళ్లు పెండ్లిలోనో దినంలోనో కలుసుకుంటారు. అది ఏ ఊళ్లో జరిగితే ఆ పూటకు అదే సొంతూరు.

ఈ నేల మీది నుంచే గోరటి వెంకన్న వచ్చారు. తెలకపల్లి మండలం గౌరారం ఆయనది. 'కుబుసం' సినిమాతో ఊరూరా పాకిన ఆయన 'పల్లె కన్నీరు' పాట బలం ఎక్కడుంది? ఊరు మారిందని ఏడవడంలో లేదు. ఏ చేతివృత్తి ఎట్లా పోయిందో ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పడంలో, దాని వెనక ఉన్న కనబడని కుట్రను వేలెత్తి చూపడంలో ఉంది. అందుకే అది చుట్టపు చూపు పాట కాలేదు.

మన యువకులు ఆ పాటను గుండెకు హత్తుకున్నారు, మంచిదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దాన్ని చూసి రాసే కవితల్లో పెంటలోనూ కుమ్మరి వాము ఆరిపోతుంది, కమ్మరి కొలిమి చల్లబడుతుంది. మన పెంటలో కుమ్మరి ఎప్పుడున్నాడు? కొలిమి ఎవరిది? ఆ పాట తన ఊరికి నిజం. మన ఊరికి ఆ పద్ధతి పనికొస్తుంది, ఆ వస్తువులు పనికిరావు. మన దగ్గర పోయిన వాటి పేర్లు వేరే ఉన్నాయి. ఏ బండకు తేనె పట్టేదో దాని పేరు, ఏ దారి మూసుకుపోయిందో దాని పేరు, ఏ చెట్టు కింద ఎవరి వాటా ఇప్పపువ్వో దాని లెక్క. వీటిని రాయగలిగింది మనమే. మనం రాయకుండా అరువు కొలిమి ముందు కూర్చొని ఏడుస్తున్నాం.

ఇంకొక రాత గురించి కూడా చెప్పాలి. దాన్ని ఎవరూ సాహిత్యం అనరు. అది మా చేతిలో ఉండే హాజరు రిజిస్టరు. ఉగాదికి పోయి తొమ్మిది రోజులకు వచ్చిన ఆ పిల్లవాడి గురించి మేము రాసింది ఒకే అక్షరం, వరసగా. తాత దగ్గర పడుకోవడం, మేనత్త ఏడుపు, బావ తాడు, అన్నీ ఆ అక్షరం కిందికి పోయాయి. అట్లా ఇంకొన్నాళ్లు రాకపోతే వాడిని డ్రాపౌట్ అంటాం. ఇప్పపువ్వు, తేనె, పరీక్షలు, మూడూ దాదాపు ఒకే కాలంలో వస్తాయి. పిల్ల పరీక్ష రాయాలి, అందులో మాకు రెండో మాట లేదు. మేమూ అట్లా రాసే ఇక్కడికి వచ్చాం. కానీ ఇంటికి పోయినందుకు తప్పు చేసినవాడిలా తల వంచుకొని తిరిగి వచ్చే పిల్లవాడు, తర్వాతి సారి రెంటిలో ఒకటే ఎంచుకుంటాడు. రాకుండా ఉండిపోతాడు, లేదా పోవడం మానేస్తాడు. మొదటి నష్టాన్ని లెక్కపెడుతున్నాం. రెండో నష్టానికి రిజిస్టరులో గడి లేదు.

ఇది తొందరగా తేల్చుకోవలసిన సంగతి. టైగర్ రిజర్వు కోర్ ఏరియా నుంచి స్వచ్ఛందంగా బయటికి వచ్చే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ అంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ కుటుంబాలు తేల్చుకుంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకు ఆ హక్కు ఇచ్చింది. మా భయం వేరే. ఒక పెంట కదిలితే అక్కడి చుట్టరికాల దారులు ఏ కాగితం మీదా ఉండవు. ఆ దారిలో నడిచినవాళ్లలో రాయడం వచ్చినవాళ్లు మన హాస్టలు పిల్లలే. వాళ్ల చేత పచ్చని పొలాలు రాయిస్తూ కూర్చుంటే ఆ దారులు మన చేతులతోనే చెరిపినట్టు.

మరి మంచి రాతను దేనితో కొలవాలి? మాకు సలేశ్వరం గుర్తొస్తుంది. చైత్ర పౌర్ణమికి కొన్ని రోజులే ఆ లోయ దారి తెరుస్తారు. పూజ చేసేది చెంచులే. ఎక్కడెక్కడి చుట్టాలో ఆ రాళ్ల దారిలో ఎదురుపడతారు. దిగేటప్పుడు జనం వస్తున్నామని లింగమయ్యకు కేక వేసి చెబుతారు, ఎక్కేటప్పుడు పోతున్నామని చెబుతారు. రావడం, పోవడం రెండూ ఎదుటివానికి చెప్పుకునే మాటలే. తనలో తాను అనుకునేవి కావు. ఇంటికి పోవడం గురించి ఎవరేం రాసినా మేము ముందు ఇదే చూస్తాం. ఇంట్లోవాళ్ల మాట అందులో వినబడుతుందా? వాళ్లు తిట్టింది, అడిగింది, వద్దన్నది ఉందా? పోయేటప్పుడు ఏం చెప్పి వచ్చాడో రాశాడా? ఇవి ఉంటే భాషలో తప్పులున్నా అది మంచి రాత. ఇవి లేకపోతే ఎంత తియ్యగా ఉన్నా గైడే.

టీచర్లకు ఒక మనవి. పండుగ సెలవుల తర్వాత 'మా ఊరు' వ్యాసం ఇవ్వకండి. 'నిన్ను చూసి మొదట ఎవరు ఏమన్నారు?' అని ఇవ్వండి. గైడులో దానికి జవాబు దొరకదు.

ఆ పిల్లవాడి చేత మళ్లీ రాయించాం. పేజీన్నర రాశాడు. ఒత్తులు చాలా తప్పాయి. 'చెలిమ' అన్న మాట ఎట్లా రాయాలో రెండుసార్లు వచ్చి అడిగాడు, ఏ పుస్తకంలోనూ చూడలేదట. తాడు సంగతి అంతా రాసి, చివర, వచ్చేటప్పుడు బావతో చెప్పిన మాట రాశాడు: వచ్చే ఏడు నేనే పడతా, అప్పటిదాకా ఆ చోటు వేరేవాళ్లకు ఇయ్యకు. మార్కులు వేశాం. వచ్చే ఏడు ఆ వారానికి వాడి సెలవు చీటీ ఎట్లా రాయాలో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాం.