పూర్వపక్షపు పుట

స్వతంత్రముగా ఆలోచించుట యనగా పెద్దలు చెప్పినదానిని కాదనుటయే యని మనలో పలువురకు గట్టి నమ్మకము కలదు. కాదనుటకు ఏమంత ప్రజ్ఞ కావలెను? ఇబ్రహీంపట్నము కూడలిలో టీకొట్టు బల్లమీద అరగంట కూర్చున్నచో, అమరావతి నిర్మాణము మొదలుకొని ఆత్మ యున్నదా లేదా యను ప్రశ్న వరకు సమస్త విషయములపైనను ఖండితమైన అభిప్రాయములు ఉచితముగా లభించును. వానిలో అధికభాగము ఆ ఉదయమే ఎవరో వాట్సాపులో పంపగా వచ్చినవనియు, ఎదుటిపక్షమువారు ఏమందురో చెప్పువానికి లేశమైనను తెలియదనియు రెండు ప్రశ్నలు వేసినంతనే బయటపడును.

కొండపల్లిలో నివసించు నేను చాలకాలముగా ఒక అలవాటును పాటించుచున్నాను. ఏ విషయముపైనైనను నాకు గట్టి అభిప్రాయ మేర్పడినపుడు, రూళ్ల నోటుపుస్తకమును తెరచి, నా మాటను కుడిపుటలో వ్రాయుటకు ముందు దానికి విరుద్ధమైన వాదమును, అనగా పూర్వపక్షమును, ఎడమపుటలో వ్రాయుదును. ప్రతిపక్షి చదివినచో ఇది నా మాటయే యని ఒప్పుకొనునట్లు అది యుండవలెను; వెక్కిరింపు విశేషణ మొక్కటియు దొరలరాదు; అతని వాదములలో బలహీనమైనదానిని ఏరుకొనక, మిక్కిలి బలమైనదానినే గ్రహింపవలెను. ఎడమపుట నిండినపిమ్మట పుస్తకము మూసివేసి, మరునాటికి గాని కుడిపుట జోలికి పోను. ముందటి రాత్రి తిరుగులేనిదిగా తోచిన నా ప్రత్యుత్తరము మరునాడు సగము వాక్యములోనే ఆగిపోవుట కద్దు. నేటికిని తెల్లగా నున్న కుడిపుటలు నా పుస్తకములో లేకపోలేదు. వానిని చించివేయు ఉద్దేశము నాకు లేదు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. ఇది కృష్ణాతీరపు సొత్తని చెప్పుకొనుటకు మనకు కొంత హక్కు కూడ కలదు. ఈ నదికి ఎగువన శ్రీపర్వతమున నివసించెనని సంప్రదాయము చెప్పు నాగార్జునుడు "విగ్రహవ్యావర్తని"ని తన సిద్ధాంతముతో ఆరంభింపలేదు. సమస్తమును శూన్యమేయైనచో నీ మాటయు శూన్యమే గదా, అట్టి మాట దేనిని నిరాకరింపగలదు అను ఆక్షేపణతో ఆరంభించి, ఇరువది కారికల వరకు ఎదుటివానినే మాటలాడనిచ్చి, తరువాత గాని తాను నోరు విప్పలేదు. 14వ శతాబ్దమునాటి మాధవాచార్యుడు, తాను అద్వైతియై యుండియు, "సర్వదర్శన సంగ్రహము"ను చార్వాక దర్శనముతో ప్రారంభించెను. చార్వాకుల మూలసూత్రములు నశించినవి. నేడు లోకాయతమనబడు ఆ దర్శనమును తెలియగోరు నాస్తికుడు సైతము ఆ వేదాంతి పుటలను ఆశ్రయింపవలసినదే.

మన డెల్టాలో ధిక్కారమునకు పేరొందిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారిని (1887–1943) నేను ఈ దృష్టితోనే చదువుదును. అంగలూరులో పుట్టి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, తెనాలిలో సూతాశ్రమము కట్టుకొనిన ఆ కవిరాజు పురాణములను ఎదిరించిరని అందరును ఎరుగుదురు. ఎదిరించుటకు ముందు వానిని ఎంతగా మథించిరో తలచుకొనువారు తక్కువ. 1920లో వెలువడిన "శంబుకవధ", ఉత్తరకాండను అవతల పారవేసినవాడు వ్రాయగల నాటకము కాదు. నిత్యపారాయణము చేయువానికంటె పట్టుదలతో చదివినవాడే దానిని వ్రాయగలడు. పైగా ఆయన చేపట్టినది పండితులు తలయూపెడి పద్యమునే గాని వారికి పరాయియైన ప్రక్రియను గాదు. పెండ్లితంతును కాదని ఊరకుండక, వధూవరులకు అర్థమగు తెలుగులో "వివాహవిధి"ని రచించి, తామే పురోహితులై పెండ్లిండ్లు చేయించిరి. "శంబుకవధ"లో ఆర్యద్రావిడ వైరముపై ఆయన మోపిన బరువును ఆ సిద్ధాంతము మోయజాలదని నా తలంపు. ఆ మాట అనుటకైనను నాకు ధైర్యము వచ్చినది, ఆయన వాదమును నా చేతితో ఎడమపుటలో వ్రాసినపిమ్మటనే.

నార్ల యనగానే మా ప్రాంతమువారికి స్ఫురించునది థర్మల్ కేంద్రము; ఆ పేరు తాతారావుగారిది. నా బల్లమీద నున్నది 1960లో విజయవాడనుండి వెలువడిన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకులైన నార్ల వెంకటేశ్వరరావుగారి "సీత జోస్యం", 1981లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన నాటకము. దాని ప్రక్కనే, దానికి ఎదురుపక్షముగా, 1970 జ్ఞానపీఠమును తెచ్చిన విశ్వనాథవారి "రామాయణ కల్పవృక్షము". రెంటిలో నా పక్షమేదో నేడు చెప్పను. రెంటికిని ఎడమపుటలు నిండినవి.

గోరాగారి సంగతి వేరు. వృక్షశాస్త్రోపన్యాసకులై యుండి, 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడ పటమటకు తరలించిన గోపరాజు రామచంద్రరావుగారు, తమ నాస్తికత్వమును తమ్ము మెచ్చువారి నడుమ దాచుకొనక, సేవాగ్రామమునకు పోయి గాంధీ యెదుట ఉంచిరి. ప్రార్థన చేయక దినము గడుపని ఆ వృద్ధుడు ఆయన చెప్పినదంతయు వినెను. గోరాగారి పెద్దకుమార్తెకు, నాడు హరిజనులని పిలువబడిన కుటుంబములోని యువకునికి జరుగు వివాహమును ఆశ్రమములో, దేవుని పేరుకు మారుగా సత్యము పేర జరిపించుటకు గాంధీ సమ్మతించెను. ఆ ముహూర్తమునకు ఆయన జీవించి లేకపోయినను, 1948లో పెండ్లి సేవాగ్రామముననే జరిగినది. ఆ సంభాషణలను గోరాగారు గ్రంథముగా వ్రాయగా, 1951లో దానిని అచ్చువేసినది గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థయే. పీఠిక వ్రాసినది గాంధేయులైన కిశోర్‌లాల్ మష్రూవాలా. ఆ పుస్తకమును చదివినప్పుడెల్ల, ఇద్దరిలో ఎవరు ఎక్కువ స్వతంత్రులో తేల్చలేక పోవుదును.

ఈ విద్యకు పుస్తకము అక్కరలేని సందర్భములును కలవు. మా బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన, విడిగా చెక్కిన తెల్లపొణికి తొండమును చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అంబారీ ఏనుగుకు అతికించుచుండగా రంగుల ప్రసంగము వచ్చినది. ఆయన చెట్టుచేమల రంగులే వాడుదురు; ఎనామిలును తిట్టుదురేమో యని ఎదురుచూచితిని.

"ఎనామిల్ తప్పంటే ఎట్లాగండీ మాస్టారూ? మెరుపంటే దానిదే. తడిగుడ్డ పెట్టి తుడిచినా పోదు. బస్సు దిగినోళ్ళు దూరం నుంచి చూసేది ఆ మెరుపునే. పని కూడా తొందరగా తెములుద్ది. పక్కింటోళ్ళు పిల్లల్ని దాంతోనే చదివించారు."

మక్కు అంటిన బొటనవ్రేలిని పంచెకు తుడుచుకొని, అప్పుడు చెప్పిరి తమ మాట: "కాకపోతే పసిపిల్లలు బొమ్మని నోట్లో పెట్టుకుంటారు గదండీ. నా చెయ్యి అక్కడ ఆగిపోద్ది."

పుస్తకము కావలసిన సందర్భములలో మాత్రము ఎదుటిపక్షపు పుస్తకమే కావలెను, దానిని సొమ్ము పెట్టి కొనువారు అరుదు. గ్రంథాలయపు బీరువాకు నేను మ్రొక్కుట అందుకే. 1914 ఏప్రిల్ 10న, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవమీద పుస్తకములు పంపిరి. పడవలో ప్రయాణించువాడు తన పక్షపు పుస్తకము దొరకనిచో, ప్రొద్దుపోవుటకైనను రెండవపక్షమును చదివి యుండును గదా!

"అంటరానితనానికి కూడా ఎడమ పేజీ రాస్తారా?" అని ఒక యువమిత్రుడు నన్ను నిలదీసెను. న్యాయమైన ప్రశ్న. కలము కదలదు, కదలకుండుటే సహజము. కాని అంబేద్కరుగారు 1936లో "కులనిర్మూలన"ను ప్రకటించినపుడు, కులము శ్రమవిభజనయే గదా యను సమర్థకుల మాటను దాచక ముందుంచి, అది శ్రామికులనే విభజించినదని చూపిరి. గాంధీ "హరిజన్" పత్రికలో తమపై చేసిన విమర్శను 1937 నాటి రెండవ కూర్పులో తామే చేర్చి, దానితోపాటు తమ సమాధానమును ముద్రించిరి. ఆ గాయమును అనుభవించినవారికే అంత ఓర్పు చెల్లినపుడు, నా కలము మొరాయించుట నాకు సబబుగా తోచలేదు. అన్యాయము ఏ మాటల చాటున బ్రతుకుచున్నదో, ఎడమపుట వ్రాసినవానికి తెలిసినంతగా తిట్టి ఊరకున్నవానికి తెలియదని ఆ మిత్రునితో అంటిని. అతడు సమ్మతింపలేదు. అతని వాదమును ఇంటికి వచ్చి వ్రాసికొంటిని, బలమైనదే.

ఈ శీర్షికకు జాబులు వ్రాయువారికి ఒక మనవి. నాతో విభేదించువారు మొదటి పేరాలో నేను చెప్పినదేమో తమ మాటలలో వ్రాసి, ఆపై ఖండనకు పూనుకొందురు గాక. అట్టి జాబులకు ఈ స్థలములో ముందుచోటు. నా ప్రత్యుత్తరము మరుసటి వారమున.