రేఖాపటం చెప్పే సాక్ష్యం

సాంఘిక శాస్త్ర పరిశోధకులకు ఏ గ్రాఫు సాఫ్ట్‌వేర్ తగినదని అడిగితే, అమ్మకందారులు రంగులూ హంగులూ చూపుతారు. మన ప్రాంతంలో దానికి పెట్టవలసిన పరీక్ష వేరు.

ఖమ్మం జిల్లానే తీసుకుందాం. 2011 జనగణనలో జనాభా సుమారు 27.97 లక్షలు. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016 అక్టోబరు 11న కొత్తగూడెం కేంద్రంగా భద్రాద్రి జిల్లా వేరుపడినది. మిగిలిన ఖమ్మానికి అదే 2011 లెక్క ప్రకారం జనం సుమారు 14 లక్షలు! ఈ అంకెలను ఒకే పేరు కింద పేర్చి ఇస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా సగానికి కూలిన గీత గీసిపెడుతుంది. ఆ పతనంలో చావులూ లేవు, వలసలూ లేవు. మారినది సరిహద్దు మాత్రమే. అటువంటి గీతను పట్టుకొని మన బడిపిల్లల సంఖ్య పడిపోయినదని విన్నపం సమర్పిస్తే, తెలిసిన అధికారి ఒక్క ప్రశ్నతో దానిని పక్కన పెడతాడు. అప్పుడు దానితోపాటు ఇచ్చిన నిజమైన అంకెలకూ విలువ పోతుంది.

ఎక్సెల్ చేతికి అందుబాటులో ఉన్నది, నిజమే. కాని దాని 'లైన్' పటంలో సంవత్సరాలను పేర్లుగా ఇస్తే 2001కీ 2011కీ మధ్య, 2014కీ 2016కీ మధ్య ఒకే దూరం వస్తుంది. పదేళ్లూ రెండేళ్లూ సమానమవుతాయి. తూకంలో తగ్గించేవారిని హెచ్చరించిన సూరా అల్ ముతఫ్ఫిఫీన్ చదివే మనకు ఇది చిన్న విషయం కారాదు. 'స్కాటర్' పటం ఎంచుకుంటే ఈ దోషం ఉండదు. ఒరిజిన్, ప్రిజమ్ ఖరీదైనవి. ప్రయోగశాలల అవసరాలకు పుట్టినవి. సర్వే చేసేవానికి వాటిలో సగం పనికిరాదు.

న్యూజీలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో ఇహాకా, జెంటిల్‌మన్ రూపొందించిన 'ఆర్' ఉచితం. నా మొగ్గు దానివైపే. కారణం ఉచితం కావడం కాదు. అందులో ప్రతి మెట్టూ వ్రాతలో ఉంటుంది. ఏ అంకె ఎక్కడినుండి వచ్చినది, ఏ మండలాన్ని ఎప్పుడు తీసివేసినారు అన్నది మరొకరు చదివి సరిచూడవచ్చు. హదీసుకు ఇస్నాద్ అడిగే సంప్రదాయంలో పెరిగినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. మౌసుతో నొక్కుతూ పోయిన పటానికి ఆ గొలుసు మిగలదు.

అయితే 'ఆర్' నేర్వడం కష్టం. పిడిఎఫ్‌గా భద్రపరచేటప్పుడు మామూలు మార్గంలో తెలుగు అక్షరాలు రావు. కైరో మార్గం పట్టవలసి ఉంటుంది. అంత ఓపిక లేనివారు ఎక్సెల్‌తోనే సాగవచ్చు, 2014 వద్ద, 2016 వద్ద గీతను తామే తెంచి, ఎందుకు తెంచినారో పటం కిందనే వ్రాసేటట్లయితే.