ఏడు తరాలు: జ్ఞాపకాన్ని సాక్ష్యం అడిగేదెవరు?

1972లో బొంబాయి యువకులు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్ననాడే అమెరికా నల్లవాళ్ల పోరాటం మన ఇంటి మాటైంది. అలెక్స్ హేలీ 1976 నాటి ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశాక కుంటా కింటే కూడా మనవాడే అయ్యాడు. మనవాడు కాబట్టే పొగిడి ఊరుకుంటే సరిపోదంటున్నాం.

హెరాల్డ్ కూర్లాండర్ నవల ‘ది ఆఫ్రికన్’ నుంచి హేలీ కొన్ని భాగాలు ఎత్తుకున్నాడన్న దావా 1978లో ఆరున్నర లక్షల డాలర్లతో రాజీ అయింది. దీన్ని వెనకేసుకురాలేం. తర్వాత వంశచరిత్ర పరిశోధకులు గారీ, ఎలిజబెత్ మిల్స్ ఇంకోటి బయటపెట్టారు. కుంటా ఓడ దిగాడని చెప్పే 1767కు ముందే వర్జీనియా కాగితాల్లో టోబీ పేరుంది. ఇంకేం, అంతా కట్టుకథేనని కొట్టిపారేసేవాళ్లు బయల్దేరారు.

ఆ కాగితాలు ఎవరివి? 1850, 1860 బానిసల పట్టీల్లో యజమానికి పేరుంది. బానిసకు మాత్రం వయసు, ఆడో మగో, ఒంటిరంగు. పేరు దాదాపు ఎక్కడా లేదు. విడుదలైన జనం పేర్లతో కనబడేది 1870 లెక్కల్లోనే. హేలీకి కమ్మరి టామ్ మర్రే దొరికింది అక్కడే. అంతకు ముందుదంతా నోటిమాట. కిజ్జీని అమ్మేశాక తండ్రి ఆమెకు మళ్లీ కనబడలేదు. ఆయన మాటల్ని కొడుకు జార్జికి అప్పజెప్పింది ఆమే. టెనెసీలోని హెన్నింగ్‌లో అమ్మమ్మ సింథియా వసారాలో కూర్చుని తన అక్కచెల్లెళ్లతో తలపోసుకున్నదీ అవే. ఆ ఆఫ్రికావాడు గిటారును ‘కో’ అనేవాడట, నదిని ‘కాంబీ బొలాంగో’ అనేవాడట. కాగితం దక్కనివ్వనివాళ్లే కాగితం చూపమనడం మనకు కొత్త కాదు గదా! తేదీ తప్పైతే తప్పే. అంతమాత్రాన ఆ ఆడవాళ్లు అబద్ధాలకోర్లు కారు.

మా పేచీ వేరేచోట ఉంది. కుంటా తాత పేరుమోసిన మతగురువు, వంశం గొప్పది. పశువుల్లా అమ్ముడుపోయిన జనానికి అలాంటి తాత కావాలి, కాదనం. మరి గొప్ప తాత లేనివాడి సంగతేమిటి? జుఫురేలోనూ బానిసలున్నారు. వాళ్లకు హక్కులుంటాయని తండ్రి ఒమోరో కుంటాకు నచ్చజెబుతాడు. నవల ఆ మాట నమ్మి ముందుకుపోతుంది. వంశాలను నోట నిలిపే జాలీలు కూడా మండింకా సమాజంలో పుట్టుకతో వచ్చే వృత్తికి కట్టుబడ్డవాళ్లు, పెళ్లిళ్లు తమలో తామే చేసుకోవాల్సినవాళ్లు. హేలీ వాళ్ల జ్ఞాపకశక్తిని చూసి మురిసిపోయాడు గాని వాళ్ల స్థానం గురించి అడగలేదు.

మనమూ అడగలేదు. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు, గోత్రాలు చెప్పేది డక్కలివాళ్లు. చెప్పించుకున్న మాదిగవాడే వాళ్లను ఇళ్లకు ఎడంగా నిలబెట్టింది. జుఫురే పేజీలను విద్యార్థులతో చదివించేటప్పుడు ఈ సంగతి ఎత్తకపోతే, ‘మన చరిత్ర’ అనే మాటలో డక్కలివాడికి మళ్లీ చోటుండదు.