స్లైడరు కదలును, వక్రము కదలదు

గణితమును కంటికి చూపు కంప్యూటరు సాధనములలో మేథమెటికా పేరుగాంచినది. ఇది 1988లో వెలువడినది. 2007లో వచ్చిన ఆరవ కూర్పుతో ‘మానిప్యులేట్’ అను ఆదేశము దీనికి చేరినది. ఒక్క పంక్తి వ్రాసినచో తెరపై రేఖాచిత్రము, దానిపైన స్లైడరు, కావలెనన్న విలువలు వ్రాయుటకొక గడి ఏర్పడును. స్లైడరును జరిపినకొలది వక్రము రూపు మారుచుండును. పరావలయమును నల్లబల్లపై పదిమార్లు గీచి తుడుచు ఉపాధ్యాయునకు ఇది వరమే. నా అభ్యంతరమెల్ల ఈ సాధనము పని తప్పినపుడు వహించు మౌనమును గూర్చి.

‘ఏ’ను ఎక్స్ వర్గముతో గుణించగా వచ్చునదే ఎఫ్(ఎక్స్) అని ముందొకచోట నిర్వచించితిమనుకొందము. పిమ్మట మానిప్యులేట్‌లో ఎఫ్(ఎక్స్)ను గీయుమనియు, ‘ఏ’ విలువను 1 నుండి 5 వరకు మార్చుమనియు కోరితిమి. తెరపై అక్షములు మాత్రమే కనిపించును, వక్రముండదు. తప్పు జరిగినదన్న హెచ్చరిక ఒక్కటియు రాదు. మానిప్యులేట్ తన స్లైడరుకు చెందిన ‘ఏ’ను తనలోనే ఉంచుకొనుట దీనికి కారణము. బయటి నిర్వచనములోని ‘ఏ’ వేరు, లోపలి ‘ఏ’ వేరు. ఒకే పేరుగల ఇద్దరు విద్యార్థులు రెండు తరగతులలో నున్నట్లు, ఒకనిని పిలిచిన రెండవవాడు పలుకడు.

ఖాళీ తెరను చూచినచో విద్యార్థి అనుమానమైనను పడును. అంతకంటె ప్రమాదము వేరొకటి కలదు. ఆనాటి పనిలో అంతకుముందే ‘ఏ’కు 3 అను విలువ ఇచ్చియున్నచో, చక్కని పరావలయమొకటి ప్రత్యక్షమగును. స్లైడరు కదలును, వక్రము కదలదు. గుణకము మారినను పరావలయము మారదని కొత్తగా నేర్చువాడు గ్రహించిన తప్పెవరిది? ముల్లు ఇరుకుకొన్న అమ్మీటరును చూచి విద్యుత్ప్రవాహము స్థిరముగా నున్నదనుకొనుట వంటిదే ఇది. చికిత్స సులువు. ప్రమేయమును ఎఫ్(ఎక్స్, ఏ) అని నిర్వచించి ‘ఏ’ను స్పష్టముగా అందింపవలెను. సాధనముతో వచ్చు వివరణలో ఈ సంగతి లేకపోలేదు గాని, అది రాగల చిక్కులను చెప్పు భాగమున, పుట చివరి వైపున ఉన్నది. అంతదాక చదువువారెందరు?

వ్రాయు గడి తీరును ఇట్టిదే. గడిలోనిదానిని గణిత సమాసముగా గ్రహింపవలెనా, వట్టి అక్షరముల వరుసగానా అని ముందే నిర్ణయింపవలెను. రెండవదైనచో ఏమి వ్రాసినను గీత పడదు. మొదటిదైనను, పాఠ్యపుస్తకములోవలె చిన్నయక్షరములతో, గుండ్రని బ్రాకెట్లతో సైన్(ఎక్స్) అని వ్రాసితిమా, ‘సైన్’ అను ఎరుగని రాశిని ఎక్స్‌తో గుణించినట్లు అది భావించును. మరల అక్షములే దక్కును. పెద్ద అక్షరముతో మొదలిడి, చదరపు బ్రాకెట్లు వాడినగాని దానికి బోధపడదు.

ఎరుగని పేర్లను మేథమెటికా నీలిరంగున చూపును, నిజమే. కాని పై నిర్వచనములో ‘ఏ’ నీలముగా నుండుట సహజమే కనుక దానివలన హెచ్చరిక అందదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 2001లో మార్కుస్ హోహెన్‌వార్టర్ ఆరంభించిన జియోజెబ్రా ఈ విషయమున మెరుగు. సూత్రములో తెలియని అక్షరము తగిలినచో దానికి స్లైడరును కల్పింపనా అని అడుగును, లేదా తానే కల్పించును. శక్తిలో మేథమెటికాకు సాటిరాకున్నను, విద్యార్థికి కావలసిన ఈ మర్యాద దానికి తెలియును.

మేథమెటికాతోనే పనిచేయువారు, చిత్రము మొరాయించినపుడు గీతను విడిచి సంఖ్యను అడుగవలెను. ఎఫ్(1) విలువను చిత్రము పైన శీర్షికగా చూపుమని కోరిన చాలును. స్లైడరుతోపాటు ఆ సంఖ్య మారుచున్నచో దోషము అక్షముల హద్దులలోనో, గీయు ఆదేశములోనో ఉన్నది. సంఖ్య మారకున్నను, సంఖ్యకు బదులు అక్షరము కనిపించినను, స్లైడరు విలువ ప్రమేయమునకు చేరనేలేదన్నమాట.