‘గొల్ల రామవ్వ’ కథలో అంతరాత్మ ధర్మము

హైదరాబాదు సంస్థానపు చివరి సంవత్సరములను చిత్రించిన కథలలో పాములపర్తి వేంకట నరసింహారావు రచించిన ‘గొల్ల రామవ్వ’ ప్రత్యేకముగా పరిశీలింపదగినది. ఇది 1949లో కాకతీయ పత్రికలో ‘విజయ’ అను కలము పేరుతో వెలువడినది. రచయిత పెరిగిన వంగర గ్రామము నాడు కరీంనగరము జిల్లాలోనిది. నేడది హనుమకొండ జిల్లాలో చేరినది.

కథావస్తువు స్వల్పము. నిజాం ప్రభుత్వముపై తిరుగబడిన యువకుడొకడు రాత్రివేళ ఒక ముసలి గొల్ల స్త్రీ గుడిసెలో తలదాచుకొనును. పోలీసులు వెదకుచు వత్తురు. రామవ్వ అతనిని తన మనుమరాలు మల్లమ్మకు మగడని నమ్మించి కాపాడును.

అన్యాయ ప్రభుత్వమును నిరాయుధముగా ఎదిరించుటకు రెండు త్రోవలు గలవు. మొదటిది బహిరంగ ధిక్కారము. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు నిషేధమును లెక్కింపక వందేమాతర గీతమును పాడి బహిష్కృతులైరి. వారికి నాగపురము విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చినది. నరసింహారావు సయితము ఆ ఉద్యమమున పాల్గొని నాగపురమున చదువు కొనసాగించెను. రెండవది, ప్రభుత్వము కోరిన సహాయమును నిరాకరించుట. బహిరంగ మార్గమున నడచిన రచయిత తన కథకు ఈ రెండవ మార్గమును ఎన్నుకొనుట గమనింపదగినది. యువకుడు ఆయుధమును నమ్మినవాడు. అతనిని కాపాడినది మాత్రము ఆయుధము కాదు, ఒక ముసలిదాని మాట.

ఆ మాట అసత్యము గదా, సత్యాగ్రహమునకు సత్యమే ప్రాణము గదా యని ఆక్షేపింపవచ్చును. దీనికి సమాధానము మన భారతముననే కలదు. కర్ణపర్వమున కౌశికుడను తపస్వి, దొంగలకు వెరచి పొదలలో దాగినవారి జాడను సత్యవ్రతము పేర దొంగలకే తెలిపి, నరకము పొందెను. కౌశికుడు తన వ్రతమును కాపాడుకొనెను. రామవ్వ మనిషిని కాపాడినది. ఆమె ధర్మమునకు ఏ సిద్ధాంతమును ఆధారము కాదు. గడపలోనికి వచ్చినవానిని చంపువారి చేతికి అప్పగింపరాదను సహజ వివేకమే ఆధారము. కథకు బలము నిచ్చినది ఇదియే.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. నిర్ణయము అవ్వది, అపాయములో పెద్ద పాలు మనుమరాలిది. పరపురుషునకు భార్యగా నటింపవలసి వచ్చిన బాలిక మనస్సును తరచి చూచుటకు కథలో తగిన చోటు దొరకలేదు. ఒకరి అంతరాత్మ చేసిన సాహసమునకు మరియొకరు మూల్యము చెల్లింపవలసి వచ్చినపుడు, ఆ రెండవవారి సమ్మతి యెట్టిది? ఈ ప్రశ్నను కథ లేవనెత్తినది గాని, దానివద్ద నిలువలేదు.

పోరాట సాహిత్యమును అధ్యయనము చేయు విద్యార్థులు నాయకుల చరిత్రలతో తృప్తి పడరాదు. తలుపు తెరచినవారి ధర్మమును, ఆ తలుపు వెనుక మౌనముగా నిలిచినవారి మనస్సును గూడ విచారింపవలయును.