ఆగిపోవడంలోనూ ఓ పద్ధతి

డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన జెంటూ లినక్స్ 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. ఇందులో సాఫ్ట్‌వేర్ ప్రధానంగా సోర్స్ కోడ్‌గా దిగి, మన మెషీన్‌లోనే కంపైల్ అవుతుంది. ఆ పని చూసే ప్రోగ్రామ్ పోర్టేజ్. కంపైల్ సాఫీగా సాగినన్నాళ్లూ దాని పనితనం కంటబడదు. ఎర్రర్ వచ్చి ఆగినప్పుడే తెలుస్తుంది.

ప్రతి ప్యాకేజీకీ ఈబిల్డ్ అనే బాష్ స్క్రిప్టు ఉంటుంది. దించిన ఫైలును పోర్టేజ్ ముందు చెక్‌సమ్‌తో సరిచూస్తుంది. ఆపైన విప్పడం, ప్యాచ్‌లు వేయడం, కాన్ఫిగర్, కంపైల్, ఇన్‌స్టాల్ వరుసగా జరుగుతాయి. ఒక్కో దశ ముగియగానే బిల్డ్ డైరెక్టరీలో ఓ ఖాళీ ఫైలు గుర్తుగా పడుతుంది. ఆ గుర్తులను చూసుకునే ఈబిల్డ్ కమాండ్ అయిపోయిన దశలను దాటేసి, ఆగిన చోట మళ్లీ అందుకుంటుంది.

ఈ పనంతా తాత్కాలిక డైరెక్టరీలోనే. శాండ్‌బాక్స్ అనే లైబ్రరీ ముందుగా లోడై, ఫైళ్లలో రాయబోయే పిలుపులను మధ్యలోనే పట్టి చూస్తుంది. హద్దు దాటితే ఆపేస్తుంది. ఇన్‌స్టాల్ దశ కూడా ఫైళ్లను ‘ఇమేజ్’ అనే డైరెక్టరీలోనే పెడుతుంది. అన్నీ సిద్ధమయ్యాకే అవి అసలు సిస్టమ్‌లోకి వెళతాయి. పాత ఇంట్లో ఉంటూనే పక్కన కొత్తది కట్టుకుని, గృహప్రవేశం నాడు మారినట్టు. అందుకే కంపైల్ మధ్యలో ఆగినా పాత వెర్షన్ యథాతథంగా పనిచేస్తూ ఉంటుంది.

ఆగినప్పుడు ఏ ప్యాకేజీ, ఏ దశ, ఏ కోడ్ ముక్క అన్నది పోర్టేజే చెబుతుంది. అయితే అసలు కారణం చాలాసార్లు బిల్డ్ లాగ్‌లో ఇంకా పైన ఉంటుంది. కంపైల్‌ను నడిపించే మేక్ అనే ప్రోగ్రామ్ ఒకేసారి ఎనిమిది పనులు నడుపుతుంటే, ఒకటి విఫలమైనా మొదలైన మిగతావి ముగిసేదాకా తమ వరుసలు రాస్తూనే ఉంటాయి. లాగ్‌లో పైకి వెళ్లి మొదటి ఎర్రర్‌ను పట్టుకోవాలి. పనులను ఒకటికి తగ్గిస్తే వరుసలు కలగాపులగం కావు. అలా తగ్గించగానే కంపైల్ పూర్తయితే, మేక్ చదివే మేక్‌ఫైల్‌లో ఏది ముందో ఏది తర్వాతో సరిగా రాయలేదని అనుమానించాలి. కంపైలర్ ‘కిల్డ్’ అని చచ్చిపోతే చాలావరకు మెమరీ చాలనట్టే. ఒక్కో పనికి 2 జీబీ ర్యామ్ ఉండాలని జెంటూ సూచన. ఆటోకాన్ఫ్ అనే సాధనం వాడే ప్యాకేజీ కాన్ఫిగర్ దశలో ఆగితే కాన్ఫిగ్ లాగ్ తెరవాలి. విఫలమైన ప్రతి చిన్న పరీక్షా ప్రోగ్రామూ, దానికి కంపైలర్ ఇచ్చిన జవాబూ అందులో పక్కపక్కనే ఉంటాయి.

తప్పు సోర్స్‌లోనే ఉంటే, ప్యాచ్‌ను పోర్టేజ్ సెట్టింగుల్లో ఆ ప్యాకేజీ పేరుతో ఉన్న డైరెక్టరీలో ఉంచితే చాలు. ప్యాచ్‌ల దశలో పోర్టేజే తీసుకుని వేస్తుంది, ఈబిల్డ్‌ను ముట్టుకోనక్కర్లేదు.

అప్పటికీ చిక్కు విడకపోతే, సాయం అడిగేటప్పుడు చివరి నాలుగు వరుసలు మాత్రమే పంపకండి. పూర్తి బిల్డ్ లాగ్, ‘ఎమర్జ్ ఇన్ఫో’ కమాండ్ చూపే వివరాలు జతచేయండి. అవి కావాలని పోర్టేజ్ తన ఎర్రర్ సందేశంలోనే చెబుతుంది.